పలుపు

తమ్ముడికి,

కథ అందింది, రెండుసార్లు చదివాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి నాయనమ్మ నోట విని పెరిగినవాడివి, నువ్వు కాకపోతే ఎవరు రాస్తారు? "ఏఐతో కొంచెం మెరుగు పెట్టించాను, తప్పంటారా?" అని అడిగావు. తప్పేముంది, నేనూ వాడుతున్నాను. అరవై దాటాక కీబోర్డు నేర్చుకున్నవాణ్ణి, నాకేం మడి!

నీ మొదటి ప్రతి కూడా పంపి మంచిపని చేశావు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. మొదటిదాంట్లో, "నీళ్లు తీశాక నాయనమ్మ ముందు గేదెని వెతుక్కుంది. పలుపు దొరికింది" అని ఉంది. మెరుగు పెట్టాక అది "ప్రకృతి ప్రకోపం ముందు మనిషి ఎంత అల్పుడో ఆమె కన్నీళ్లు మౌనంగా చెప్పాయి" అయింది. గేదె పోయింది, పలుపూ పోయింది. అసలు నాయనమ్మ ఏడ్చిందని నువ్వెక్కడ రాశావు?

ఏఐ తప్పు కూడా కాదులే. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో కోట్ల వాక్యాలు చూసి నేర్చుకుంది. ఉప్పెన అనగానే దానికి కన్నీళ్లే తోస్తాయి, పలుపు తోచదు. పైగా అది చదివినదాంట్లో ఇంగ్లీషే ఎక్కువ, తెలుగు వాటా బాగా తక్కువ.

నా పద్ధతి చెబుతాను. మొదటి ప్రతి ఎలా ఉన్నా నాదే. అది పూర్తయ్యాక ఏఐకి ఇచ్చి, "ఒక్క ముక్క తిరగరాయొద్దు, ఎక్కడ అర్థం కాలేదో అడుగు" అంటాను. మొన్నొక కథలో, రెండో పేజీలో చనిపోయిన మేనత్త ఏడో పేజీలో పెళ్లి భోజనాలు వడ్డిస్తోందేమిటని అడిగింది! మా ఆవిడ నాలుగుసార్లు చదివి కూడా పట్టుకోలేదు. అచ్చుతప్పులూ చూపించమంటాను, కానీ దిద్దనివ్వను. ఒకసారి దిద్దనిస్తే నా పాలేరు చేత "కూకున్నా" బదులు "కూర్చున్నాను" అనిపించింది. తేదీలూ అంకెలూ మాత్రం దాన్ని నమ్మి రాయకు. తెలియకపోయినా తడుముకోకుండా చెబుతుంది. లైబ్రరీలో పాత పేపర్లు తిరగెయ్యి.

పత్రికకి పంపేటప్పుడు ఏఐ వాడిన సంగతి దాచకు. అమెరికాలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక, ఏఐ రాసిన కథలు వచ్చి పడుతుంటే తట్టుకోలేక, 2023 ఫిబ్రవరిలో కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. ఎడిటర్లకి అనుమానం ఉండదా మరి?

రెండో ప్రతి పక్కన పడేసి మొదటిదాని మీదే కూర్చో. నాకు దాంట్లో ఒకటే తెలియలేదు. ఆ పలుపుని నాయనమ్మ ఏం చేసింది? దాచుకుందా, ఇంకో గేదె వచ్చాక దానికే కట్టిందా? పండక్కి ఊరెళ్తావుగా, అడిగి రాయి.

ఉంటాను,
మీ మాస్టారు