ఆస్టియోపాత్ డాక్టరేనా? బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవారి సందేహం

కొత్తగా బ్రిటన్ వచ్చినవారు నడుము నొప్పితో సతమతమవుతూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఆస్టియోపాత్ అన్న బోర్డు కనిపించింది, ఆయన డాక్టరేనా, వెళ్లవచ్చునా? అమెరికాలో బంధువులున్న వారిని ఈ ప్రశ్న మరింత తికమక పెడుతుంది. అక్కడ పేరు చివర డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అని ఉన్నవారు ఎండీలతో సమానంగా మందులు రాసే, శస్త్రచికిత్సలు చేసే వైద్యులు. ఇక్కడి ఆస్టియోపాత్ మందులు రాయరు. కండరాలకు, కీళ్లకు చేతులతో చికిత్స చేసే వేరే వృత్తి నిపుణులు.

రెండింటికీ మూలపురుషుడు ఒక్కరే. 1864లో మెదడు పొరల వాపు వ్యాధి (మెనింజైటిస్) తన పిల్లలు ముగ్గురిని బలిగొన్నప్పుడు ఆనాటి మందులు ఏమీ చేయలేకపోవడం చూసిన ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ వైద్యుడు, 1874లో ఈ పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో తొలి కళాశాల తెరిచారు. వ్యాధులకు మూలం ఎముకల, ముఖ్యంగా వెన్నెముక అమరికలో వెతికిన ఆయన సిద్ధాంతాన్ని నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. అందువల్ల ఉబ్బసమో, పసిపిల్లల ఏడుపో తగ్గిస్తామని ఎవరైనా చెబితే నమ్మి వెళ్లకండి.

బ్రిటన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనివారు ఆస్టియోపాత్‌నని చెప్పుకోవడం నేరం. ఆ రిజిస్టర్‌లో చేరడానికి సాధారణంగా నాలుగైదేళ్ల డిగ్రీ చదవాలి. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఆన్‌లైన్‌లో ఆ పేరు వెతికి చూడండి. రెండు నిమిషాల పని.

నా నడుము పట్టేసినప్పుడు నేను కలిసిన ఆస్టియోపాత్ వెంటనే బల్లపై పడుకోమనలేదు. ఎలా కూర్చుంటాను, ఏ పక్కకు తిరిగి పడుకుంటాను, ఏ మందులు వాడుతున్నాను అని చాలాసేపు అడిగారు. తర్వాత నిలబెట్టి, ముందుకు వంగమని, బొటనవేళ్లను వెన్నుకు ఇరువైపులా ఆనించి, ఏ వైపు ముందుగా బిగుసుకుంటున్నదో గమనించారు. కండరాలను సాగదీసి, కీళ్లను మెల్లగా కదిలించి, చివరికి ఇంట్లో చేయవలసిన వ్యాయామాలు నేర్పారు. మర్నాడంతా ఒళ్లు నొప్పిగా ఉంది. ఒకటి రెండు రోజులు అలా ఉండవచ్చని ముందే చెప్పారు కనుక కంగారు పడలేదు. నాకు మేలు చేసినది చేతి చికిత్స ఎంతో, ఆ వ్యాయామాలు కూడా అంతే అని నా నమ్మకం. ఏ చికిత్స వాడాలో వైద్యులకు సూచించే ఇక్కడి నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నడుము నొప్పికి చేతి చికిత్సను వ్యాయామంతో కలిపితేనే పరిగణించమంటాయి.

ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆస్టియోపతీ అరుదుగానే దొరుకుతుంది, ఎక్కువగా సొంత డబ్బుతోనే వెళ్లాలి. అందుచేత ముందు జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న స్థానిక వైద్యులు) ద్వారా ఫిజియోథెరపీ అడగడం మంచిది. ఉద్యోగం తరఫున ఆరోగ్య బీమా ఉంటే అందులో ఆస్టియోపతీ చేరిందేమో చూసుకోండి.

ఇక అసలు జాగ్రత్త. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, రెండు కాళ్లూ బలహీనపడినా ఆస్టియోపాత్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరంతో కూడిన నొప్పికి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నప్పుడు, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నప్పుడు ముందు జీపీని కలవాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఎముకలు బోలుబారి ఉన్నా ఆ సంగతి మొదటే చెప్పండి. మెడను చటుక్కున తిప్పే పద్ధతి వల్ల చాలా అరుదుగా రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. అది వద్దని చెప్పే హక్కు మీకుంది. బట్టలు కొంత తీయమని అడిగితే సంకోచంగా ఉన్నవారు తోడుగా ఒకరిని గదిలో ఉంచమని అడగవచ్చు.