బానిసత్వం రద్దయిన తర్వాతి చరిత్ర మీద పీహెచ్‌డీ: నా అనుభవం

"హిస్టరీ ఎమ్మే చేస్తున్నాను. బానిసత్వం రద్దయ్యాక ఆ సమాజాలు ఏమయ్యాయన్నదాని మీద పరిశోధన చేస్తే భవిష్యత్తు ఉంటుందా?" అని అడిగారు. నేను పదహారేళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను, మారిషస్ మీద.

ముందు ఫ్రెంచ్ నేర్చుకోండి. నేను నేర్చుకోకుండా వెళ్లి దెబ్బతిన్నాను. బ్రిటిష్ కాలనీ కదా, అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయనుకున్నా. 1810లో ఇంగ్లీషువాళ్లు దీవిని పట్టుకున్నారు గానీ చెరకు తోటలు చాలావరకు ఫ్రెంచివాళ్లవే, వాళ్ల కాగితాలూ ఫ్రెంచిలోనే. మొదటి ఆరు నెలలూ కట్టలు విప్పడం, మళ్లీ కట్టడం.

అక్కడ బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న పోయింది. పోయిందన్న మాటేగానీ, 'అప్రెంటిస్' అని పేరు మార్చి 1839 దాకా ఆ యజమానుల దగ్గరే పని చేయించారు. బ్రిటిష్ ప్రభుత్వం తన కాలనీలన్నిటికీ కలిపి ఇచ్చిన 2 కోట్ల పౌండ్ల పరిహారం కూడా యజమానులకే. విడుదలైనవాళ్లలో చాలామంది తోటలకో దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఆ పనిలోకి మనవాళ్లని కాంట్రాక్టు కూలీలుగా ఓడలెక్కించారు. మారిషస్ తెలుగువాళ్లకి 'కోరింగీలు' అన్న పేరు మన కోరంగి రేవు నుంచి వచ్చిందే.

ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు, 'డబుల్ కట్' అని. అది చదివినప్పుడు మా తాతగారి ఊళ్లో పాలేర్ల నాగాల లెక్క గుర్తొచ్చింది. 1867 చట్టం ఇంకో మెట్టు పైన: కాంట్రాక్టు అయిపోయినవాళ్లు కూడా ఫొటో ఉన్న పాసు దగ్గర పెట్టుకోవాలి, లేకుంటే పోలీసులు పట్టుకుపోతారు. అలాంటి పాత ఫొటోలు మారిషస్‌లోనే, మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో చూశాను. ఒకావిడ ముక్కుపుడకతో, అచ్చం మా మేనత్తలా ఉంది. ఆ పూట ఇక పని సాగలేదు.

ఉద్యోగం సంగతంటారా, పీహెచ్‌డీకి ఆరేళ్లు, ఆ తర్వాత నాలుగేళ్లు ఏడాదికో కాంట్రాక్టు. కాంట్రాక్టు కూలీల గురించి రాస్తూ నేనూ కాంట్రాక్టులోనే ఉన్నానని ఇంట్లో వెక్కిరించేవారు (పోల్చకూడదు లెండి, నన్నెవరూ పాసు అడగలేదు). ఈ సబ్జెక్టు పేరుతో మన దగ్గర పోస్టులు పడవు, 'ఆధునిక భారత చరిత్ర' కింద అప్లై చేసుకోవాల్సిందే.

మీరైతే మారిషస్‌తో మొదలుపెట్టకండి. బ్రిటిష్ ఇండియాలో బానిసత్వానికి చట్టం అండ తీసేసింది 1843లో. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈ సెలవుల్లో ఓ రెండు వారాలు అక్కడ కూర్చోండి. మూడో రోజుకే దుమ్ముకి తుమ్ములొచ్చి, అయినా నాలుగో రోజు వెళ్లాలనిపిస్తే అప్పుడు నాకు రాయండి.