నగల పని నేర్చుకుని సొంతంగా బల్ల వేసుకోవాలంటే ఎన్నేళ్లు పడుతుంది?

పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ఇంటర్ అయింది, బంగారం పని మీద ఇష్టం ఉంది, కోర్సు చేయాలా, ఎవరి దగ్గరైనా చేరాలా, సొంతంగా పని పట్టుకోవడానికి ఎన్నేళ్లు?

నాలుగేళ్లు అనుకో తమ్ముడూ. మొదటి ఏడాది తీగ, రేకు, ఆకురాయి. రెండో ఏడాది టంకం, అంటే తక్కువ వేడికి కరిగే లోహంతో ముక్కలను అతకడం. ఆ పై రెండేళ్లు కూడా టంకమే. డిజైన్ ఎవరైనా ఫోనులో చూసి గీస్తారు. సొంత బల్ల వేసుకున్నవాడు నిలబడేదీ కూలబడేదీ టంకం దగ్గర, తూకం దగ్గర. నువ్వు అడిగింది ఏళ్ల గురించే అయినా, నేను చెప్పాలనుకున్నది ఈ రెండింటి గురించి.

ఒక్క బుట్టకమ్మ తీసుకుందాం. బుట్ట గిన్నెకు 0.3 మిల్లీమీటర్ల రేకు గుండ్రంగా కత్తిరించి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చి, సీసం దిమ్మ గుంటలో పెట్టి గుండ్రటి పంచ్‌తో కొడతారు. మొదటి గండం ఇక్కడే. దిమ్మ మీది సీసం కంటికి ఆనని మరకగా రేకుకు అంటుకుంటుంది. అలాగే మంట కింద పెడితే అది బంగారాన్ని తినుకుంటూ పోయి, చీమలు కొరికినట్టు గుంటలు పడతాయి, ఒక్కోసారి చిల్లే పడుతుంది. పోనీలే అని ఆ ముక్కను కరిగించి మళ్లీ రేకు లాగితే అంచులు పగులుతాయి, ఎందుకంటే బంగారాన్ని పెళుసు చేయడానికి పిసరంత సీసం చాలు. దిమ్మకీ రేకుకీ మధ్య పల్చటి కాగితం వెయ్యి. కొట్టాక గిన్నెను వెచ్చటి పలుచటి నైట్రిక్‌లో ముంచి కడిగాకే మంట చూపించు.

తర్వాత అంచుకు తీగ, తీగ కింద గుండ్లు. గుండ్లు జరగకుండా గురిగింజ పొట్టు తీసి, నీళ్లతో రాతి మీద అరగదీసిన గంజి వాడతారు, మంటకు అది కాలిపోతుంది. గురిగింజ విషం. చేతికి కోత ఉన్నరోజు ముట్టుకోకు, పిల్లలున్న ఇంట్లో బల్ల మీద వదలకు. దాని మీద వెలిగారం (బోరాక్స్) నీళ్లు, ఆ పైన నలకల్లా కత్తిరించిన టంకం. మంట ఒక్కసారిగా పెట్టావంటే వెలిగారం పొంగి గుండ్లను ఎత్తి పక్కన పడేస్తుంది. దూరం నుంచి మంట తిప్పుతూ నీరంతా ఆరనివ్వాలి. వెలిగారం ముందు తెల్లటి పొరలా అణుగుతుంది, తర్వాత గాజులా కరుగుతుంది. అప్పుడు మంట దగ్గరికి తే.

టంకం ఎప్పుడూ వేడి ఎక్కువున్న వైపే పరిగెడుతుంది. సన్నపు తీగ ముందు వేడెక్కుతుంది, గిన్నె వెనకబడుతుంది. మంట తీగ మీద పెడితే టంకమంతా తీగకే ఎక్కి గిన్నె ఖాళీగా ఉంటుంది, ఇంకో రెండు సెకన్లకు తీగ ముద్దైపోతుంది. అందుకని గిన్నెను లోపలి వైపు నుంచి వేడి చెయ్యాలి. టంకం కరిగినప్పుడు అతుకు వెంట తళుక్కున ఒక గీత పాకుతుంది. అది కనబడగానే మంట తీసెయ్యాలి. ఆ తళుకును కంటికి అలవాటు చేసుకోవడానికే ఏడాది పోతుంది. ఇంకోటి, టంకం సందు పూడ్చదు. అంచుల మధ్య వెలుతురు కనబడుతుంటే ఎంత టంకం పెట్టినా వృథా.

ఎక్కువ వేడికి కరిగే టంకం ముందు, కొక్కేనికీ కాడకూ తక్కువ వేడి టంకం చివర. పాత అతుకులు మళ్లీ కరగకుండా వాటి మీద జేగురు (ఎర్రమట్టి) తడిపి పూసుకో. బోలు గుండైతే సూది బెజ్జం వదలాలి, లేకపోతే లోపలి గాలి వేడికి పెరిగి గుండు పేలుతుంది. టంకం అయ్యాక నగను ఆమ్లంలో వేసి శుభ్రం చేస్తారు, ఆ బెజ్జంలోంచి ఆమ్లం దూరుతుంది కాబట్టి పనయ్యాక సోడా నీళ్లలో మరిగించాలి. ఆమ్లం కలిపేటప్పుడు నీళ్లలో ఆమ్లం పొయ్యి, ఆమ్లంలో నీళ్లు ఎన్నడూ పొయ్యకు. అందులో ఇనప పట్టకారు ముంచితే నగ మీద రాగి పూత ఎక్కుతుంది.

ఇక తూకం. 22 క్యారెట్ల బంగారమంటే 916, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. కొత్తవాళ్లు 10 గ్రాముల బిస్కెట్‌కు 0.917 గ్రాముల రాగి, వెండి కలిపి సరిపోయిందనుకుంటారు. బిస్కెట్ 995 అయితే అలా కలిపిన బంగారం 911కి దిగిపోతుంది. 995కి 0.86 గ్రాములు దాటకూడదు, 0.8 దగ్గర ఆగితే 921 దాకా నిలుస్తుంది. ఆ కాస్త ఎందుకంటే టంకం. 10 గ్రాముల నగలో 0.3 గ్రాములు 750 టంకం పడితే, మిగతాదంతా సరిగ్గా 916 అయినా మొత్తం 911 అవుతుంది. హాల్‌మార్క్‌లో ఒక్క పాయింటు తగ్గినా ఒప్పుకోరు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు) లేని హాల్‌మార్క్ నగ షాపులో అమ్మకూడదు కాబట్టి, తగ్గిన నగ తిరిగి నీ బల్ల మీదికే వస్తుంది.

కేడీఎం సంగతి కూడా చెప్పాలి, పెళ్లిళ్ల రోజుల్లో ఇంకా "కేడీఎం నగేనా?" అని అడిగేవాళ్లున్నారు. అది స్వచ్ఛత ముద్ర కాదు. 92 పాళ్ల బంగారానికి 8 పాళ్లు కాడ్మియం కలిపిన టంకం. క్యారెట్ తగ్గదని షాపులు మోజు పడ్డాయి. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది, టంకం పెట్టే మంట దానికంటే వేడి. ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. కిటికీ లేని గదిలో, తలుపు వేసుకుని ఈ పని చేయించే యజమాని దగ్గర చేరొద్దు. ఎంత పేరున్నవాడైనా సరే.

షాపు వాళ్లు 50 గ్రాములు ఇస్తే, కరిగించాక, తీగ లాగాక, ఆకురాయి పట్టాక, మెరుగు పెట్టాక, ప్రతిసారీ తూచి చీటీ మీద రాసుకో. తరుగు ఎక్కడ పోయిందో చెప్పలేనివాడు దొంగతనం చెయ్యకపోయినా దొంగ అనిపించుకుంటాడు. బల్ల కింద తోలు కట్టుకో, ఆకురాయి పొడిలోంచి ఇనప రజను అయస్కాంతంతో తీసేసి మిగిలిన బంగారు పొడి దాచుకో, గది ఊడ్చిన చెత్త కూడా పారెయ్యకు. మన వైపు ఇంకో చిక్కుంది. ఒడియా వాళ్లు భరి అంటారు, మనం తులం అంటాం. పాత లెక్కకు రెండూ 11.66 గ్రాములే, కానీ బజారులో 10 గ్రాములనే తులమనడం కూడా అలవాటైంది. పాతపట్నం నుంచి వచ్చినా, గుణుపురం నుంచి వచ్చినా, చీటీ మీద గ్రాములే రాయి.

కోర్సు అడిగావు. పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో స్వర్ణకారులూ ఉన్నారు. 5 నుంచి 7 రోజుల మొదటి శిక్షణ, రోజుకు 500 రూపాయలు, 15,000 రూపాయల పనిముట్లు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. ఇప్పటికే చేతిపని చేస్తున్నవాళ్ల కోసం పెట్టిన పథకమిది, కాబట్టి పని చేతికొచ్చాక తీసుకో. దాన్ని శిక్షణ అని నమ్ముకోవద్దు, వారంలో టంకం రాదు. చేరేది మాత్రం ఒక మనిషి దగ్గరే. ఆయన చేసిన పని కాదు, రిపేరుకొచ్చిన పాత నగను ఎలా విప్పుతున్నాడో చూసి చేరు.

చేరాక బంగారం అడగకు. రాగి తీగ, వెండి తీగ చాలు. కమ్మచ్చు (తీగ లాగే బెజ్జాల పలక) మీద 1 మిల్లీమీటరు తీగను 0.6కి లాగు. మధ్యమధ్యలో కాల్చు, లేకపోతే తెగుతుంది. తీగకు తేనెమైనం రాయి. పెన్సిలు మీద చుట్టి రింగులు కోసి, ఇరవై రింగులు గొలుసుగా కలిపి, ప్రతి అతుకూ టంకం పెట్టి, రెండు చివరలూ పట్టకార్లతో గట్టిగా లాగు. తీగ తెగాలి, అతుకు ఊడకూడదు. అలా వరసగా మూడు గొలుసులు వచ్చిన రోజు మీ ఆచారిగారికి చూపించి, బుట్టకమ్మ రేకు అడుగు.