నురగలో నీటి పాళ్లు

ప్రశ్న: బ్రష్షుతో క్రీము నురగ చేసి గడ్డం గీసుకుంటాను. ఒకరోజు నురగ చెంప మీదే ఎండిపోతుంది, మరోరోజు మెడ మీదికి కారిపోతుంది. నీళ్లు ఎంత కలపాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇన్ని చుక్కలని లెక్క చెప్పడం కుదరదు, బ్రష్షు లోపల దాగిన నీరే ఆ లెక్కను రోజూ తారుమారు చేస్తుంది. కాబట్టి బ్రష్షును తడిపి, గట్టిగా విదిలించి, బాదంగింజంత క్రీమును గిన్నెలో అర నిమిషం కలియదిప్పిన తరువాత, వేలి కొసలతో నాలుగైదు చుక్కల చొప్పున నీరు చేరుస్తూ పోవడం మేలు. తొలుత పొంగే తెల్లని నురగ చూపులకు బాగున్నా అందులో గాలే ఎక్కువ. చాలామంది అక్కడే ఆగిపోతారు, మీ నురగ ఎండిపోయే రోజున జరిగేది బహుశా అదే. ఇంకొంచెం నీరు పట్టిస్తే బుడగలు కంటికి ఆననంత సన్నబడి, గడ్డపెరుగు మీది నిగారింపు వస్తుంది. బ్రష్షు ఎత్తితే నురగ కొస వంగి నిలవాలి, వేళ్ల మధ్య రుద్దితే జారాలి. పెద్ద బుడగలు కనిపిస్తే నీరు మించినట్టే, కాస్త క్రీము చేర్చండి.

మీది బోరు నీరా, నల్లా నీరా అన్నది రాయలేదు. మన వైపు బోరు నీరు తరచుగా కఠినంగా ఉంటుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారడం వల్ల, చేయి ఎంత తిరిగినవారికైనా నురగ నిలవదు. తాగడానికి తెచ్చుకునే క్యాను నీటిని అర గ్లాసు నురగకు మాత్రం వాడి చూడండి. రేజరు కడగడానికి బోరు నీరే చాలు.