వీసా గడువు చూసి షాక్స్ కొనుక్కో

ప్రశ్న: అన్నా, నేను మిషిగన్ వచ్చి ఏడాదిన్నర అయింది. హెచ్‌1బి మీద ఉన్నాను. చిన్నప్పటి నుంచీ కార్వెట్ స్పోర్ట్స్ కారు అంటే పిచ్చి. మొన్న 2006 మోడల్ సి6, అంటే ఆరో తరం కార్వెట్, కొన్నాను. టూర్, స్పోర్ట్ అని మార్చుకునే మాగ్నెటిక్ సస్పెన్షన్ ఉన్నదే. కానీ గుంటలో పడితే వెన్నుపూస కదులుతోంది, ఫ్రీవే మీద 70 దాటితే పడవలా ఊగుతోంది. రెండుసార్లు డాష్‌బోర్డు మీద 'సర్వీస్ రైడ్ కంట్రోల్' అని వచ్చి పోయింది. షాపులో చూపిస్తే నాలుగు షాక్సూ (షాక్ అబ్జార్బర్లు) మార్చాలన్నారు, ధర వింటే కళ్లు తిరిగాయి. ఫ్రెండ్సేమో అవి పీకేసి కాయిలోవర్లు (షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉండేవి) వేయించుకో, కారు కిందికి దిగి స్టైల్‌గా ఉంటుంది అంటున్నారు. ఏం చేయమంటావు?

జవాబు: ముందు కొన్నందుకు అభినందనలు. ఇంట్లో చెప్పావో లేదో నేను అడగను. నేను కొన్నప్పుడు మా నాన్నకి రెండేళ్లు చెప్పలేదు.

ఇప్పుడే ఏమీ కొనకు. మొదట గ్లోవ్ బాక్స్ తెరిచి లోపల అంటించిన తెల్ల లేబుల్ చూడు. దాని మీద చిన్నచిన్న కోడ్లు వరసగా ఉంటాయి. అందులో ఎఫ్55 ఉంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మాగ్నెటిక్ షాక్స్ ఉన్నట్టు. 'వచ్చేటప్పుడు' అని ఎందుకన్నానంటే, ఇరవై ఏళ్ల కారు నీ దాకా వచ్చేసరికి ఎంతమంది చేతులు మారిందో తెలియదు. కొందరు మామూలు షాక్స్ వేసి, కారుని మభ్యపెట్టడానికి వైరుకి రెసిస్టర్ తగిలించి అమ్మేస్తారు. టార్చ్ వేసి ప్రతి షాక్ దగ్గరా చూడు. వైరు నేరుగా షాక్‌లోకే వెళ్తుంటే అసలువి. వైరు చివర ఏదో బుడిపె వేలాడుతుంటే నీ ఫ్రెండ్స్ చెప్పిన పని ఎవరో ఇప్పటికే చేసేశారన్నమాట.

ఈ షాక్ ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే షాపువాడి మాటల్లో ఎంత నిజముందో నీకే తెలుస్తుంది. మామూలు షాక్‌లో నూనె చిన్న రంధ్రాల్లోంచి, వాల్వుల్లోంచి దూరి వెళ్తుంది, ఆ అడ్డే ఊపుని ఆపుతుంది. దీంట్లో నూనెలో సన్నటి ఇనుప రజను కలిపి ఉంటుంది. పిస్టన్‌లో తీగ చుట్ట ఉంటుంది. కరెంటు పంపగానే ఆ రజను గొలుసుల్లా కట్టి నూనె చిక్కబడుతుంది, కరెంటు ఆపగానే మళ్లీ పల్చబడుతుంది. కన్ను మూసి తెరిచే లోపు ఇది చాలాసార్లు జరుగుతుంది. 1940ల చివర్లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో జేకబ్ రాబినో అనే ఆయన కనిపెట్టిన సూత్రం ఇది. కారులోకి వచ్చేసరికి 2002 అయింది, అది కాడిలాక్ సెవిల్. మరుసటి ఏడాది కార్వెట్ 50వ వార్షికోత్సవం మోడల్‌కి వచ్చింది. దీన్ని తయారుచేసిన డెల్ఫై మన పక్కనే ట్రాయ్‌లో ఉండేది. ఆ విభాగాన్ని 2009లో ఒక చైనా కంపెనీకి అమ్మేసింది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మనూళ్లో మెకానిక్ బానెట్ మూల మీద చేత్తో గట్టిగా నొక్కి వదిలి, రెండుసార్ల కంటే ఎక్కువ ఊగితే షాక్స్ పోయాయంటాడు. ఈ కారుకి ఆ పరీక్ష పనికిరాదు. ఇంజన్ ఆపి ఉంటే కరెంటు ఉండదు కాబట్టి మంచి షాక్ కూడా మెత్తగానే ఉంటుంది. నీ ఎదురుగా అలా నొక్కి చూపించి "నాలుగూ పోయాయి" అని ఉంటే అతనికి ఈ కారు తెలియదనే నా అనుమానం.

నాకూ అదే జరిగింది. నాది 2007 సి6. మొదటి చలికాలం తర్వాత గరాజ్‌లోంచి తీయగానే అదే మెసేజ్, దాంతోపాటు ఇంకో రెండు. ఒక షాపువాళ్లు నాలుగు షాక్సూ, వాటితో పాటు వాటికి కరెంటు పంపే కంట్రోలరూ మార్చాలని కాగితం రాసిచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసులో చట్రాల విభాగంలో పనిచేసే ఒక తమిళాయన నవ్వి, బ్యాటరీ వోల్టేజ్ చూశావా అన్నాడు. చూడలేదు. కొత్త బ్యాటరీ వేస్తే అన్ని మెసేజ్‌లూ పోయాయి. వోల్టేజ్ తగ్గితే ఈ కారు లేని రోగాలన్నీ చెప్పుకుంటుంది. అందుకే మొట్టమొదటి పని బ్యాటరీ టెస్ట్. పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాల్లో డబ్బులు తీసుకోకుండానే చేస్తారు.

రెండోది టైర్లు. ఈ కారుకి స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చింది. వాటి పక్క గోడలు కొత్తగా ఉన్నప్పుడే గట్టివి, పాతబడితే చెక్కే. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే నంబర్లో ఆఖరి నాలుగు అంకెలు చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనట్టు. పైన గాట్లు లోతుగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు. వేసవిలో మాత్రమే తిరిగే కార్లకి గాట్లు అరగకముందే రబ్బరు చచ్చిపోతుంది. గాలి కూడా చూడు. తలుపు దగ్గర స్టిక్కర్ మీద 30 అని ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు. టైరు మీద రాసిన గరిష్ఠం చూసి నింపేయడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. ఆ గట్టిదనానికి తిట్లు మాత్రం షాక్స్ తింటాయి.

మూడోది సెన్సర్లు. ప్రతి చక్రం దగ్గరా అది ఎంత పైకి, ఎంత కిందికి పోతోందో చెప్పే సెన్సర్ ఉంటుంది, దానికి చిన్న లింక్ కడ్డీ. ఇక్కడి ఉప్పు రోడ్ల మీద ఒక్క శీతాకాలం తిప్పినా ఆ కనెక్టర్లలో తుప్పు చేరుతుంది. లింక్ ఊడితే కంట్రోలర్‌కి చక్రం ఎక్కడుందో తెలియక టోటల్‌గా చేతులెత్తేస్తుంది. ఇరవై డాలర్ల కోడ్ రీడర్లలో చాలావాటికి ఇంజన్ కోడ్లే కనిపిస్తాయి. చట్రానికి సంబంధించిన కోడ్లు 'సి' అక్షరంతో మొదలవుతాయి. అవి చదివే స్కానర్ ఉన్నవాడి దగ్గరికే వెళ్లు. ఏ మూల తప్పో కోడ్ చెబుతుంది. నాలుగు మూలలూ ఒకేసారి పోవడం మాత్రం అరుదు.

ఇవన్నీ బాగుండి, షాక్ ఒంటి మీద నూనె కారి మట్టి ముద్దలా అంటుకుని ఉంటే అప్పుడు ఒప్పుకోవాలి. నూనెలో ఇనుప రజను ఉంటుంది కాబట్టి సీల్ అరిగిపోవడంలో వింత లేదు. ఈ వయసుకి చాలా కార్లవి కారుతున్నాయి.

మార్చాల్సి వస్తే ఏం వేయాలి? నీ ఫ్రెండ్స్ మాట ముందు తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద కమాను కట్టలు చూసే ఉంటావు. నీ కార్వెట్ కింద కూడా కమానే ఉంది తెలుసా? ముందొకటి, వెనకొకటి, అడ్డంగా. ఇనుము కాదు, ఫైబర్‌గ్లాస్. కారు బరువు మోసేది అదే, షాక్ పని ఊపు ఆపడమే. కాయిలోవర్లు వేస్తే ఆ కమాన్లు తీసేస్తారు. బరువంతా షాక్ బిగించిన చోటికి మారుతుంది. ఆ చోటుని ఫ్యాక్టరీలో ఆ బరువు కోసం చేయలేదు. రేస్ ట్రాక్ మీద తిప్పేవాళ్లు తెలిసే చేసుకుంటారు, నీకెందుకు? కారు కిందికి దిగడమే కావాలంటే కమాను చివర్లలో బోల్టులు ఉన్నాయి, అవి తిప్పితే దిగుతుంది. ఖర్చు వీల్ అలైన్‌మెంట్ వరకే. కానీ ఎత్తు మారితే సెన్సర్లు చూసే లెక్కా మారుతుంది, ముందు గడ్డం ప్రతి డ్రైవ్‌వే దగ్గరా గీసుకుంటుంది. నేనైతే ముట్టుకోను.

ఇంకో దారి, మామూలు గ్యాస్ షాక్స్. మంచివి బిల్‌స్టైన్ లాంటివి నాలుగూ కలిపి మాగ్నెటిక్ సెట్ ధరలో చిన్న భాగానికే వస్తాయి. వైర్లకి రెసిస్టర్లు పెడితే మెసేజ్ రాదు. అవి వేడెక్కుతాయి కాబట్టి వాటేజ్ సరిపోయేవి, లోహపు ఒంటివి ఉండాలి, ప్లాస్టిక్‌కి తగలకుండా కట్టాలి. కారు జారకుండా పట్టే యాక్టివ్ హ్యాండ్లింగ్ వేరే వ్యవస్థ, దాని పని అది చేసుకుంటుంది. టూర్, స్పోర్ట్ మీట మాత్రం ఇక అలంకారమే.

ఇది నేను ఒకసారి చేశాను. గొప్పగా, బాగా గట్టివి కొన్నాను. ఏప్రిల్‌లో, అంటే మంచు కరిగి రోడ్లన్నీ గుంటలైన నెలలో, మా ఆవిడ సాంబారు గిన్నె ఒళ్లో పెట్టుకుని నోవై వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరింది. గుడికి చేరింది సగం సాంబారే. మిగతా సగం సీటు కింద కార్పెట్‌లో ఉంది, ఎండాకాలం అంతా ఇంగువ వాసన. ఆ తర్వాత రెండేళ్లు ఆవిడ ఆ కారెక్కలేదు. చివరికి పాత మాగ్నెటిక్ షాక్స్‌లో కారుతున్న రెండింటి స్థానంలో కొత్తవి తెప్పించి, బాగున్న రెండూ కలిపి మళ్లీ బిగించాను. ముందు జత అయినా వెనక జత అయినా రెండూ కలిపే మార్చాలి, ఒకటే మారిస్తే కారు ఒక వైపు వేరేలా నడుస్తుంది. బాగున్న జతని పారేయక్కర్లేదు.

ఇక నేను నీకు అసలు చెప్పదలిచిన మాట. షాక్స్ ఎంచుకునేటప్పుడు కారు వయసు కంటే నీ వీసా గడువు చూసుకో. హెచ్‌1బి మూడేళ్లు, పొడిగిస్తే మామూలుగా ఆరు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగమా, ఇంటి లీజా, సామానా అని పరిగెడుతున్నప్పుడు ఈ కారూ అమ్మాలి. ఇండియాకి తీసుకెళ్దామంటే కుదరదు. పాత కారు దిగుమతికి వయసు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. నీ కారుకి రెండూ లేవు. అప్పుడు కొనడానికి వచ్చేవాడు ఎవరు? ఎక్కువగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనే అరవై ఏళ్ల పెద్దాయన. గ్లోవ్ బాక్స్ లేబుల్ మీద ఎఫ్55 ఉండి కారు కింద లేకపోతే మొదటి బేరం అక్కడే తెగుతుంది.

కాబట్టి గ్రీన్‌కార్డు క్యూ ఇంకా మొదలవ్వని నీలాంటివాడికి నా లెక్క ఇది. ఏ జత కారుతుందో ఆ జత మాగ్నెటిక్‌వే మార్చు. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే మామూలు షాక్స్ వేసుకో, తప్పులేదు. అసలువి మాత్రం గుడ్డలో చుట్టి పెట్టెలో దాచు, కనెక్టర్లకి టేప్ వేసి. అపార్ట్‌మెంట్‌లో చోటు లేదంటావు, బేస్‌మెంట్ ఉన్న స్నేహితుడు ఒకడుంటాడు కదా. ఏది మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక ఈమెయిల్ పెట్టు. లైసెన్స్ కొత్తది, క్రెడిట్ చరిత్ర చిన్నది, పైగా కార్వెట్. ఆ పైన చెప్పకుండా మార్పులు కూడా ఎందుకు?

పని నువ్వే చేసుకోవచ్చు, కష్టమైనది కాదు. కానీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వద్దు, చాలా లీజుల్లో అక్కడ రిపేర్లు చేయకూడదని ఉంటుంది. గంట లెక్కన లిఫ్ట్ అద్దెకిచ్చే గరాజ్‌లు ఉన్నాయి. జాకీ పెట్టేటప్పుడు జాగ్రత్త. నేలకి ఇంత దగ్గరగా ఉన్న కారుని అంచు కింద ఎత్తితే పక్క ప్యానెల్ పగులుతుంది. ఫ్రేములో పొడుగు కన్నాలు ఉంటాయి, వాటిలో దూర్చే రబ్బరు బిళ్లలు పక్స్ అని అమ్ముతారు, వాటి కిందే జాకీ. స్టాండ్లు లేకుండా కారు కిందికి తల పెట్టొద్దు. తుప్పు పట్టిన నట్లకి ముందు రోజు రాత్రే నూనె కొట్టి ఉంచు. కింది బోల్టులు ఆఖరుగా బిగించేది కారు బరువు చక్రాల మీదికి వచ్చాకే, లేకపోతే లోపలి రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో 100 అడుగుల పౌండ్లు. రెంచ్ కొనక్కర్లేదు, డిపాజిట్ తీసుకుని అరువిచ్చే దుకాణాలున్నాయి.

ఇంకొకటి, నీ పని చూసి రేపు స్నేహితులు "మా కారుకీ చెయ్యి, డబ్బులిస్తాం" అంటారు. తీసుకోవద్దు. హెచ్‌1బి మీద నీకు పని చేసే అనుమతి నీ కంపెనీలో మాత్రమే. బిర్యానీ పెట్టమను.

ఈ వారాంతంలో బ్యాటరీ టెస్ట్ చేయించు. నాలుగు టైర్ల మీదా ఆ నాలుగు అంకెలు ఫొటో తీసి పంపించు. చివర 15 లాంటిది కనిపిస్తే షాక్స్ మాట తర్వాత, ముందు టైర్లు. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లన్నీ తిరుగుతాయి, అప్పటికి నీది సిద్ధమైతే మా ఇంటి నుంచి రెండూ కలిపి తీసుకెళ్దాం. మా ఆవిడ నా కారులో వస్తానంది, ఈసారి పులిహోర మాత్రమే.