అద్దానికి అతుక్కుపోయిన పాత ఫొటో: లాగొద్దు అక్కా

కావలి నుంచి అడిగిన అక్కకి, నమస్తే. మీ అవ్వాతాతల నలుపు తెలుపు ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయిందని, చెమ్మకి తాత ముఖం సగం చెరిగిపోయిందని రాశారు. దయచేసి లాగొద్దు. బ్లేడు పెట్టొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు. ఫొటో పైపొర జెలటిన్. మన సముద్రపు గాలికి అది తేమ పీల్చి, ఉబ్బి, జిగురులా అద్దాన్ని పట్టేస్తుంది. లాగారంటే బొమ్మ అద్దం మీదే ఉండిపోయి, చేతికి తెల్ల కాగితం వస్తుంది.

అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచి, అద్దంతోనే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో, స్కాన్ చేయించండి. స్కానర్ దొరక్కపోతే నేరుగా ఎండ పడని కిటికీ పక్కన ఫోన్‌తో తీయండి. ఫోన్ వెనక నల్లగుడ్డ అడ్డం పెడితే అద్దంలో మీరు కనిపించరు.

ఇక తాత ముఖం. ఫొటోలు బాగుచేసే యాప్ అతికించే కళ్లు మీ తాతవి కావు, ఆ పని చేయించకండి. ఆయన పక్కకి తిరిగి ఉన్నారని, నుదురు, ముక్కు, తలపాగా అంచు తెలుస్తున్నాయని అన్నారు కదా, అది చాలు. స్కాన్ ప్రింటు మీద ట్రేసింగ్ పేపర్ వేసి ఆ గీత దించి, దాని ప్రకారం నల్ల కాగితం కత్తిరించి నీడబొమ్మ చేయండి. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలియకముందు యూరప్‌లో ఎన్నో కుటుంబాలు తమవాళ్ల రూపం ఇలా నీడబొమ్మల్లోనే దాచుకున్నాయి.

కొత్త ప్రింటుకి ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ఫొటోకి తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట, అంటే ఫొటో చుట్టూ అంచులా ఉండే మందపాటి అట్ట, తప్పకుండా వేయించండి. వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు రాయండి. మీ పెద్దత్తయ్యకి అందరూ గుర్తున్నారన్నారు, ఈ వారమే ఆమెను అడగండి.