డ్రెస్సప్ గేమ్‌లు ఆడితే ఫ్యాషన్ డిజైనింగ్ వచ్చేస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఎప్పుడు చూసినా ఫోన్‌లో బొమ్మకి బట్టలు వేసే గేమే. అడిగితే "ఫ్యాషన్ డిజైనింగ్‌కి ప్రాక్టీస్ అమ్మా" అంటుంది. నిజంగా పనికొస్తుందా?

రాదండి. నేను తెనాలిలో 18 ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. కరోనా నాటి నుంచి ఆ గేమూ ఆడుతున్నాను. రెండు వైపులా తెలిసినదాన్ని కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. ఆ గేమ్‌కి బట్టలతో సంబంధం లేదు. అది లెక్కల గేమ్.

నాకెలా తెలిసిందో చెప్తాను. 2020 మే నెల. లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి. మూఢంలో కూడా నా మిషన్ అంత ఖాళీగా ఉండదు. ఒక పెళ్ళివారివి 11 బ్లౌజులు కుట్టి, హుక్స్ పట్టీలు కూడా వేసి పెడితే, ముహూర్తం వాయిదా పడిందని తీసుకెళ్ళలేదు. (ఆర్నెల్లకి వచ్చేసరికి పెళ్ళికూతురు ఒళ్ళు చేసింది. అన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. ఆ డబ్బులు ఇప్పటికీ రాలేదు.) తోచక మా అమ్మాయి ఫోన్ తీసుకున్నాను. అందులో ఉంది లవ్ నిక్కీ.

చైనా వాళ్ళ గేమ్ అది. అక్కడ 2015లో వచ్చింది, ఇంగ్లీషులో 2017లో. కథ ఏమిటంటే, ఆ లోకంలో యుద్ధాలు చేయకూడదు. దేశాల మధ్య గొడవొచ్చినా సరే, ఎవరు బాగా తయారయ్యారో చూసి తేల్చుకోవాలి. మా వీధి పేరంటాల్లో జరిగేదీ అదే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

ఒక రౌండ్‌లో బొమ్మని ఏదో పార్టీకి హుందాగా తయారుచేయమన్నాడు. నేను అరగంట కూర్చున్నాను. తెల్లటి పొడవాటి గౌను, మెడ దగ్గర చిన్న పైపింగ్, జుట్టు ముడి, చెవులకి మాత్రం ముత్యాలు. ఎంత బాగుందంటే, ఎవరైనా పిల్ల వస్తే ఇదే కుట్టిపెడదాం అనిపించింది. నొక్కాను. సి గ్రేడ్ వచ్చింది!

మా అమ్మాయి నవ్వి ఫోన్ లాక్కుంది. అదే గౌను ఉంచి, వెనక రెక్కలు పెట్టింది. నక్క తోక తగిలించింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో దీపం, నడుముకి గొలుసులు, కాళ్ళకి పట్టీలు, నెత్తిన కిరీటం, భుజం మీద పిట్ట. పక్కనే చింతపండు గింజలు తీస్తున్న మా అత్తగారు తొంగి చూసి, "సంక్రాంతి అయిపోయి నాలుగు నెలలైంది కదే, గంగిరెద్దు ఇప్పుడొచ్చిందేంటి?" అన్నారు.

ఆ గంగిరెద్దుకి ఎస్ గ్రేడ్ వచ్చింది. అంతకు మించింది లేదు.

అప్పుడు చెప్పింది మా పిల్ల. ప్రతి వస్తువు వెనకా మార్కులుంటాయట. సింపులా గార్జియసా, క్యూటా మెచ్యూరా, చలికా ఎండకా... ఇలా ఐదు జతలు. రౌండ్ దేన్ని అడుగుతుందో వాటిలో ఎక్కువ మార్కులున్నవి వెతికి తగిలించాలి. నగలు మరీ ఎక్కువైతే ఒక్కోదానికీ మార్కులు తగ్గిస్తాడు గానీ, మొత్తం మీద చూస్తే తగిలించిన వాళ్ళదే లాభం. కొన్ని రౌండ్లలో అయితే వాడు మనసులో అనుకున్న ఒక్క వస్తువు లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా ఫెయిలే. నా కొలతల పుస్తకం తిరగేసి చూస్తే వెనక పేజీల్లో ఈ మార్కులన్నీ గళ్ళు గీసి రాసుకుంది! ముందు పేజీల్లో ఛాతీ 36, నడుం 32, వెనక పేజీల్లో కిరీటానికి ఇంత, తోకకి ఇంత. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. ఇప్పుడు అది బీకాం చదువుతోంది. ఎక్సెల్ షీట్లు నీళ్ళు తాగినట్టు చేస్తుంది. ఆ గేమ్ వల్లేనని నా నమ్మకం, మీరు ఒప్పుకోకపోయినా.

అసలు బట్ట ఎలా ప్రవర్తిస్తుందో ఏ గేమూ నేర్పదు. ఫోన్‌లో గుడ్డ ముడుచుకోదు, జారదు, ఉతికితే రంగు దిగదు. నా దగ్గరికి ఫోన్‌లో ఫొటో పట్టుకుని వచ్చేవాళ్ళ బాధ కూడా ఇదే. చీరలో వచ్చిన 80 సెంటీమీటర్ల బ్లౌజు ముక్క ఇచ్చి, పొడుగు బుట్ట చేతులు, ప్రిన్సెస్ కట్, వెనక బో కావాలంటారు. గుడ్డ చాలదమ్మా అంటే మొహం మాడ్చుకుంటారు.

ఇంకో మాట. షైనింగ్ నిక్కీ అని దీని తర్వాత వచ్చిన గేమ్‌ని 2020 అక్టోబరు చివర్లో కొరియాలో విడుదల చేశారు. అందులో హాన్‌బోక్ అనే సంప్రదాయ దుస్తులు పెట్టారు. అది మా బట్ట అని కొరియా వాళ్ళు, కాదు మాదే అని చైనా ఆటగాళ్ళు కొట్లాడుకున్నారు. వారం రోజులకే, కొరియాలో గేమ్ మూసేస్తున్నామని కంపెనీ చెప్పేసింది. ఒక డ్రెస్ కోసం! ఇక్కడేమో ఇండియన్ పెళ్ళికూతురు అని ప్లేస్టోర్‌లో బోలెడు గేమ్‌లు. కుచ్చిళ్ళు ఉండవు, పైట తువ్వాలులా వేలాడుతుంది. ఒక్కరైనా నోరెత్తారా?

మీ ప్రశ్నకి వస్తాను. నిఫ్ట్ అని ఫ్యాషన్ చదువుల ప్రభుత్వ కాలేజీ ఉంది కదా, దాని బి.డిజైన్ ఎంట్రన్స్‌లో సిట్యుయేషన్ టెస్ట్ అని ఒకటి ఉంటుంది. చేతికి సామాను ఇచ్చి అక్కడికక్కడ ఏదైనా చేసి చూపించమంటారు. అక్కడ ఏ రెక్కలూ తోకలూ కాపాడవు. ఫోన్ లాక్కోకండి, పంతం పెరుగుతుంది. ఒక పాత చీర, కత్తెర ఇచ్చి తన కొలతకే జాకెట్టు కత్తిరించమనండి. చంక రౌండ్ దగ్గరికి వచ్చాక కూడా ఇష్టం పోకపోతే అప్పుడు ఫీజు కట్టండి. ఫోన్‌కి మీ కార్డు మాత్రం జత చేసి ఉంచకండి. అక్కడ మంచి డ్రెస్‌లు చాలావరకు నేరుగా అమ్మరు, లాటరీలా తీయిస్తారు. అన్నీ వచ్చి చెప్పులు మాత్రం రావు. ఆ చెప్పుల కోసం నేను నా చేతులారా ఎంత తగలేశానో మా ఆయనకి తెలియదు, ఇక్కడ రాయను.

నేను ఇంకా ఆడుతున్నాను. నిన్న రాత్రి కూడా ఒక రౌండ్‌కి బుద్ధిగా నక్క తోకే తగిలించాను. ఎస్ వచ్చింది.